కంప్యూటర్‌లో కానాగంత

జీవశాస్త్రం, కంప్యూటర్ కలిసే చోటు, అంటే బయోఇన్ఫర్మాటిక్స్ గురించి మీకున్న సందేహాలు రాయండి అని పోయిన నెల ఈ పేజీలో అడిగాను. ఉత్తరాలు, మెయిళ్లు బాగానే వచ్చాయి. ఒకే జవాబు సరిపోయేవాటిని కలిపేశాను. పాడేరు నుంచి, పెదజాలరిపేట నుంచి వచ్చిన రెండు ఉత్తరాల దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. వాటికి జవాబులు కొంచెం పెద్దవి, ఓపిగ్గా చదవండి.

*

ఇంటర్ బైపీసీ అయిపోయింది. బయోఇన్ఫర్మాటిక్స్ చదవాలని ఉంది. కానీ లెక్కలంటే టెన్షన్, కోడింగ్ అసలే రాదు. ఇంట్లో వద్దంటున్నారు. నేను చదవగలనా మేడమ్?
ఒక విద్యార్థిని, అనకాపల్లి

చదవగలవమ్మా. కాలేజీ పేర్లు, ఫీజులు చూసేముందు ఈ ఆదివారం ఒక పని చెయ్యి. యూనిప్రాట్ అని ఒక వెబ్‌సైట్ ఉంది. ప్రోటీన్ల వివరాలన్నీ అందులో పోగుచేసి పెట్టారు. ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ కూడా అక్కర్లేదు. అందులో మనిషి ఇన్సులిన్ వెతుకు. 110 ఇంగ్లీషు అక్షరాల వరుస కనిపిస్తుంది. ఒక్కో అక్షరం ఒక్కో అమైనో ఆమ్లం, అంటే ప్రోటీన్ గొలుసులో ఒక్కో పూస. మన శరీరం ఆ 110లో కొన్ని భాగాలు కత్తిరించేసి 51 మాత్రం మిగుల్చుకుంటుంది. 25 నుంచి 54 వరకు బి గొలుసు, 90 నుంచి 110 వరకు ఎ గొలుసు. ఈ వివరం కూడా అదే పేజీలో కింద రాసి ఉంటుంది.

ఆ 51 అక్షరాల్నీ గళ్ల నోటుపుస్తకంలో, గడికి ఒకటి చొప్పున రాసుకో. వాటి కింద పంది ఇన్సులిన్, దాని కింద ఆవు ఇన్సులిన్ రాయి. ఇప్పుడు పైనుంచి కిందికి చూసుకుంటూ వెళ్లు. మనిషికీ పందికీ తేడా ఒక్కటే, బి గొలుసు చివర 30వ చోట. మనకి త్రియోనిన్, పందికి అలనిన్. ఆవుతో పోలిస్తే మూడు చోట్ల తేడా కనిపిస్తుంది.

మా నాన్నగారికి షుగర్ ఉండేది. షిప్‌యార్డులో వెల్డర్‌గా పనిచేసేవారు. 1980ల్లో మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. ఇన్సులిన్ సీసాకి తడిగుడ్డ చుట్టి నీళ్లకుండ పక్కన పెట్టేది అమ్మ. ఆ సీసాలో ఉన్నది పశువు నుంచి తీసిన ఇన్సులిన్. పశువుది మనిషి ఒంట్లో ఎలా పనిచేస్తుందని చిన్నప్పుడు అడిగితే ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు. ఎమ్మెస్సీలో ఈ మూడు వరుసలు ఒకదాని కింద ఒకటి రాసుకున్న సాయంత్రం నాకు జవాబు దొరికింది. నేను ఈ రంగంలోకి వచ్చింది ఆ కాగితం వల్లే.

నువ్వు చేత్తో చేసిన ఆ పనినే కంప్యూటర్ చేత చేయించే పద్ధతి నీడిల్‌మన్, వున్ష్ అనే ఇద్దరు 1970లో రాశారు. అక్షరాలు కలిస్తే మార్కులు, కలవకపోతే కోత, ఖాళీ వదిలితే ఇంకో కోత. అన్ని అమరికల్లో ఎక్కువ మార్కులు వచ్చేది ఏదో పట్టుకోవడమే ఆ లెక్క. నీట్‌లో నెగెటివ్ మార్కుల్లాంటిదే అనుకో. గడి గడికీ కూడిక, తీసివేత, మూడింట్లో పెద్దది ఏది అన్న పోలిక, అంతే. అది నీకు వచ్చు.

లెక్కలు అస్సలు అక్కర్లేదని మాత్రం నేను చెప్పను. సంభావ్యత, లాగరిథమ్, కొంచెం స్టాటిస్టిక్స్ నేర్చుకోకుండా ఈ చదువు నిలబడదు. అవసరం పడ్డప్పుడు, ఎందుకో తెలిసి నేర్చుకుంటే ఆ భయం సగానికి తగ్గడం నా క్లాసుల్లో ఏటా చూస్తున్నాను. కోడింగ్ కూడా అంతే. పైథాన్‌లో మొదటి ప్రోగ్రామ్‌గా ఒక డీఎన్‌ఏ వరుసలో ఎ, టి, జి, సి ఎన్నెన్ని ఉన్నాయో లెక్కపెట్టించు. పది లైన్లు కూడా ఉండదు.

నా సలహా అడిగితే డిగ్రీలో బయోకెమిస్ట్రీయో, జువాలజీయో, బోటనీయో గట్టిగా చదువు. పక్కన పైథాన్, స్టాటిస్టిక్స్ నేర్చుకో. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వెబ్‌సైట్‌లో ఐఐటీ మద్రాసు వాళ్ల బయోఇన్ఫర్మాటిక్స్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. ప్రత్యేకంగా ఈ సబ్జెక్టు పీజీలో తీసుకోవచ్చు. ఇంట్లోవాళ్లకి మార్గరెట్ డేహాఫ్ గురించి చెప్పు. అప్పటికి తెలిసిన 65 ప్రోటీన్ల వరుసల్ని 1965లో పుస్తకంగా అచ్చువేయించిన అమెరికా శాస్త్రవేత్త ఆవిడ. అప్పట్లో కంప్యూటర్‌కి సమాచారం కార్డుల మీద చిల్లులు పొడిచి ఇచ్చేవారు. చోటు ఆదా అవుతుందని అమైనో ఆమ్లానికి ఒక్క అక్షరం చొప్పున పెట్టారు. నువ్వు ఆదివారం నాడు గళ్లలో రాసేది ఆవిడ పెట్టిన అక్షరాలే.

*

సికిల్ సెల్ అనే రక్తపు జబ్బుకి కారణం బీటా గ్లోబిన్‌లో 6వ అమైనో ఆమ్లం మారడం అని మా పుస్తకంలో ఉంది. యూనిప్రాట్‌లో ఆ ప్రోటీన్ తెరిచి వేలు పెట్టి లెక్కపెట్టాను. 6వది ఇ (గ్లుటామిక్ ఆమ్లం) కాదు, పి. ఇ 7వ చోట ఉంది. సార్‌ని అడిగితే పుస్తకంలో ఉన్నదే రాయమన్నారు. ఏది తప్పు మేడమ్? మా పిన్ని కొడుక్కి ఈ జబ్బు ఉంది, అందుకే చూశాను.
డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని, పాడేరు

రెండూ తప్పు కాదు తల్లీ. వేలు పెట్టి లెక్కపెట్టావు చూడు, ఆ అలవాటు వదలకు.

ఇప్పుడు ఆ ఫైల్ మళ్లీ తెరువు. మొదటి తొమ్మిది అక్షరాలు ఇవి: ఎం, వి, హెచ్, ఎల్, టి, పి, ఇ, ఇ, కె. ప్రోటీన్ తయారీ ఎప్పుడూ ఎం అనే అక్షరంతో, అంటే మిథియోనిన్‌తో మొదలవుతుంది. హిమోగ్లోబిన్‌లో ఒక భాగమైన బీటా గ్లోబిన్ తయారవుతుండగానే కణం ఆ మొదటి ఎం ని కోసేస్తుంది. రక్తంలో తిరిగే హిమోగ్లోబిన్‌లో అది ఉండదు. 1950ల్లో కేంబ్రిడ్జ్‌లో వెర్నన్ ఇంగ్రామ్ ఈ తేడాని పట్టుకున్నప్పుడు ఆయన చేతిలో ఉన్నది రక్తం నుంచి తీసిన ప్రోటీన్. అందులో మొదటిది వి. అక్కడి నుంచి లెక్కపెడితే మారిన అక్షరం 6వది. మీ పుస్తకం ఆ లెక్కనే పాటిస్తోంది. డేటాబేస్‌లో ఉన్నది జన్యువుని చదివి రాసిన వరుస. జన్యువులో ఎం కీ చోటు ఉంది కాబట్టి అది కూడా లెక్కలోకి వచ్చింది, ఇ ఒక చోటు వెనక్కి జరిగి 7 అయింది. ఇప్పుడు అంతర్జాతీయంగా జన్యు మార్పులు రాసే పద్ధతిలో 7 అనే రాస్తారు. పరీక్షలో 6 అనే రాయి. పక్కన బ్రాకెట్లో "మొదటి మిథియోనిన్‌తో కలిపితే 7" అని చేర్చు.

మీ సార్ మీద కోపం పెట్టుకోకు. ఆయన చదువుకున్నప్పుడు ఈ ఫైళ్లు తెరిచి చూసే వీలు ఎంతమందికి ఉండేది? ఈ పేజీ తీసుకెళ్లి చూపించు.

డీఎన్‌ఏలో కూడా చూద్దాం. ఆ జన్యువు మొదట్లో మూడేసి అక్షరాల చొప్పున ఇలా ఉంటుంది: ఏటీజీ, జీటీజీ, సీఏటీ, సీటీజీ, ఏసీటీ, సీసీటీ, జీఏజీ, జీఏజీ, ఏఏజీ. ఏడో మాట జీఏజీ. అది గ్లుటామిక్ ఆమ్లం. సికిల్ సెల్‌లో అది జీటీజీ అవుతుంది. అది వాలిన్. మొదటి ఏ నుంచి లెక్కపెడుతూ వస్తే మారింది 20వ అక్షరం, ఏ బదులు టి. మనిషి జీనోమ్‌లో, అంటే మొత్తం డీఎన్‌ఏలో, 300 కోట్ల పైచిలుకు అక్షరాలుంటే, అందులో ఈ ఒక్కటి.

ఒక్క అక్షరానికి మీ తమ్ముడికి అంత నొప్పి ఎందుకంటే, గ్లుటామిక్ ఆమ్లానికి విద్యుదావేశం ఉంటుంది, నీళ్లతో కలిసిపోతుంది. వాలిన్ నూనె స్వభావం ఉన్నది, నీళ్లని తప్పించుకోవాలని చూస్తుంది. హిమోగ్లోబిన్ ఆక్సిజన్ వదిలేసినప్పుడు ఈ వాలిన్ పక్క హిమోగ్లోబిన్‌లో ఉన్న ఒక గుంటలో దూరి అతుక్కుంటుంది. అది ఇంకోదానికి, అది మరోదానికి. ఇలా పొడవాటి పోగులు పేరుకుని మెత్తగా ఉండాల్సిన ఎర్ర రక్తకణం బిరుసెక్కి కొడవలిలా వంగిపోతుంది. సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. ఆ ఇరుక్కున్న చోటల్లా నొప్పి.

తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే ఈ మార్పు వస్తే మనిషి సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు, పైగా తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. తరతరాలుగా మలేరియా ఉన్న మన్యం లాంటి ప్రాంతాల్లో ఈ అక్షరం నిలిచిపోవడానికి కారణం అదే. ఇది ఎవరి తప్పూ కాదు, ఏ శాపమూ కాదు. ఇద్దరి నుంచీ వచ్చినప్పుడే జబ్బు. మీ పిన్నికి ఈ మాట నీ నోటితో చెప్పు.

నువ్వు ముందు ముందు జీనోమ్ బ్రౌజర్ తెరుస్తావు కాబట్టి ఇంకో చిక్కు ఇప్పుడే చెబుతాను. 11వ క్రోమోజోమ్ మీద ఈ జన్యువు దగ్గరికి వెళ్తే జీఏజీ కనిపించదు, సీటీసీ కనిపిస్తుంది. కంగారుపడకు. డీఎన్‌ఏకి రెండు పోగులు. బ్రౌజర్ ఒక పోగుని చూపిస్తుంది, ఈ జన్యువు రెండో పోగు మీద ఎదురు దిశలో రాసి ఉంది. వెనక నుంచి చదువుతూ సి ఉన్నచోట జి, టి ఉన్నచోట ఏ పెట్టుకుంటే సరిపోతుంది.

ఒక్క జాగ్రత్త. కంప్యూటర్‌లో నువ్వు చూసింది జబ్బుకి కారణం. ఎవరికైనా జబ్బు ఉందో లేదో తేల్చేది మాత్రం రక్త పరీక్షే. సికిల్ సెల్ నిర్మూలనకి 2023 జులై 1న జాతీయ మిషన్ మొదలైంది, 2047 లక్ష్యంగా పెట్టుకున్నారు. గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు చేస్తున్నారు. మీ పిన్ని ఇంట్లో మిగతా పిల్లలకి చేయించకపోతే నువ్వే వెంటబెట్టుకుని వెళ్లు.

*

జీనోమ్ పని నేర్చుకోవాలంటే లక్ష రూపాయల ల్యాప్‌టాప్ కావాలంటున్నారు. నిజమేనా?
ఒక తండ్రి, గాజువాక

అక్కర్లేదండీ. ఈ-కోలై బ్యాక్టీరియా జీనోమ్ మొత్తం 46 లక్షల అక్షరాలు. ఫైల్‌గా చూస్తే మీ ఫోన్ తీసే ఒక ఫొటో అంత. కరోనా వైరస్‌ది 29,903 అక్షరాలే. 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్, పాతదైనా సరే, నేర్చుకోవడానికి చాలు. బరువైన పనులకి గెలాక్సీ అనే ఉచిత సర్వర్ ఉంది, లెక్క అక్కడ నడుస్తుంది, మీ అమ్మాయి ఫలితం చూసుకుంటుంది. మిగిలిన డబ్బు దాచండి, పీజీ ఫీజుకి పనికొస్తుంది.

*

బ్లాస్ట్‌లో ఈ-వాల్యూ అంటే ఏమిటి? 0.0 వస్తే నూటికి నూరు శాతం కరెక్ట్ అని రాయొచ్చా?
ఎమ్మెస్సీ విద్యార్థులు, విశాఖపట్నం (ఈ ప్రశ్న ఆరుగురు అడిగారు)

బ్లాస్ట్ 1990లో వచ్చిన పద్ధతి. మన దగ్గరున్న వరుసని ఇస్తే డేటాబేస్‌లో దాన్ని పోలినవి వెతికి తెస్తుంది. తెచ్చిన ప్రతిదాని పక్కనా ఈ-వాల్యూ అని ఒక సంఖ్య ఉంటుంది.

ఆర్టీసీ కాంప్లెక్స్‌లో నిలబడి "అప్పలరాజూ" అని గట్టిగా పిలవండి. సింహాద్రి అప్పన్న ఊరు మనది, నలుగురైనా తిరిగి చూస్తారు. వాళ్లలో మీ అప్పలరాజు లేకపోవచ్చు, పేరు కలిసిందంతే. అలా ఊరికే కలిసేవాళ్లు ఎంతమంది ఉంటారన్న అంచనాయే ఈ-వాల్యూ. "పెదవాల్తేరు పోలమాంబ గుడి వెనక వీధిలో ఉండే, పోర్టులో క్రేన్ నడిపే అప్పలరాజూ" అని పిలిస్తే పొరపాటున తిరిగేవాళ్లు ఉండరు. పిలుపు పొడవైన కొద్దీ, వివరం కలిసిన కొద్దీ ఈ సంఖ్య సున్నా వైపు జారుతుంది. అదే "అప్పలరాజూ" అన్న పిలుపుని ఏదో చిన్న ఊరి బస్టాపులో పిలిస్తే తిరిగేవాళ్లు తగ్గుతారు. అంటే డేటాబేస్ ఎంత పెద్దదో కూడా ఈ లెక్కలో ఉంది. అందుకే పాత థీసిస్‌లో ఉన్న సంఖ్యా, మీరు ఇవాళ వెతికితే వచ్చిన సంఖ్యా కలవవు.

0.0 అంటే నిజమైన సున్నా కాదు, ప్రోగ్రామ్ రాసి చూపించలేనంత చిన్న సంఖ్య. ఆ పోలిక యాదృచ్ఛికం కాదని మాత్రమే అది చెబుతుంది. మీ వరుస మీరు అనుకున్న ప్రాణి నుంచే వచ్చిందా అన్నది దానికి తెలియదు.

ఇది నేను బాధపడి నేర్చుకున్న సంగతి. 1999లో నా ప్రాజెక్టు ఒక రొయ్య జన్యువు మీద. అప్పట్లో ఈమెయిల్‌లో వరుస పంపితే బ్లాస్ట్ ఫలితం ఈమెయిల్‌లోనే వచ్చేది. ద్వారకానగర్‌లో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో మోడెం చప్పుడు వింటూ ఎదురుచూసేదాన్ని. ఫలితం అద్భుతంగా వచ్చింది, ఈ-వాల్యూ సున్నాకి ఆనుకుని ఉంది. రొయ్యలో బ్యాక్టీరియా లాంటి జన్యువు దొరికిందని మూడు వారాలు పేజీల కొద్దీ రాశాను. సెమినార్‌లో ఒక పెద్దాయన ఒకే ప్రశ్న అడిగారు: "అమ్మా, వెక్టర్ తీసేశావా?" తియ్యలేదు. నేను చదివింది రొయ్య డీఎన్‌ఏ కాదు, దాన్ని పెంచడానికి బ్యాక్టీరియాలోకి ఎక్కించిన ప్లాస్మిడ్ అనే వాహక డీఎన్‌ఏ ముక్క, వెక్టర్ అంటే అదే. కంప్యూటర్ తప్పు చెప్పలేదు. అది ఏ వరుసో సరిగ్గానే చెప్పింది. నేనే వినలేదు.

అప్పటి నుంచి మా పిల్లలకి ఒక నియమం పెట్టాను. వచ్చిన మొదటి ఫలితం మీద క్లిక్ చేసి పూర్తి రికార్డు చదవాలి. ఎవరు ఇచ్చారు, ఏ సంవత్సరం, ఏ ప్రాణి, ఎక్కడ పట్టారు, నమూనా ఎక్కడ దాచారు. ఈ అయిదూ నోటుపుస్తకంలో రాయకుండా నా దగ్గరికి రాకూడదు.

*

ఆల్ఫాఫోల్డ్‌కి నోబెల్ కూడా వచ్చేసింది. ఇక ప్రోటీన్ల ఆకారాల సమస్య తీరిపోయినట్టేగా? మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇందులో ఇంకా పనుందా?
ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మధురవాడ

ఆల్ఫాఫోల్డ్ గొప్ప సాధనం, అక్షరాల వరుస ఇస్తే ప్రోటీన్ ఆకారాన్ని అంచనా వేసే ప్రోగ్రామ్. నేను దాన్ని వారంలో నాలుగు రోజులు వాడతాను. 2024 రసాయనశాస్త్ర నోబెల్‌లో సగం దానికి డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకి, మిగతా సగం కొత్త ప్రోటీన్లు రూపొందించినందుకు డేవిడ్ బేకర్‌కి ఇచ్చారు. 2022 నాటికే 20 కోట్లకి పైగా ఆకారాలు అంచనా వేసి అందరికీ ఉచితంగా పెట్టారు. కానీ ఆ బొమ్మలో రంగులు చూడండి. ముదురు నీలం ఉన్నచోట ప్రోగ్రామ్‌కి నమ్మకం ఎక్కువ. నారింజ రంగు ఉన్నచోట తనకే నమ్మకం లేదని అది ఒప్పుకుంటోంది. చాలామంది ఆ నారింజ మెలికల్ని కూడా నిజమైన ఆకారం అనుకుని స్లైడుల్లో పెడుతున్నారు.

ఇంకో సంగతి. ఆల్ఫాఫోల్డ్ పాఠాలు నేర్చుకున్నది ప్రోటీన్ డేటా బ్యాంక్ నుంచి. 1971లో ఏడు ఆకారాలతో మొదలైన ఆ నిధిలో ఇప్పుడు రెండు లక్షలకి పైగా ఉన్నాయి. వాటిలో చాలావాటి వెనక ప్రోటీన్‌ని స్ఫటికంగా మార్చడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు కష్టపడిన మనుషులున్నారు. ఆ నిధిలో 4 డి ఎఫ్ ఆర్ అన్న రికార్డు తెరవండి, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. ఈ-కోలైలో ఉండే ఒక ఎంజైమ్, దాని గుంటలో ఇరుక్కున్న మెథోట్రెక్సేట్ అనే మందు కనిపిస్తాయి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపిన లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చిన మందు అది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటుంది కాబట్టి ఎంజైమ్ దాన్ని పట్టుకుని వదల్లేదు. దాంతో డీఎన్‌ఏకి కావాల్సిన టి అక్షరం తయారవడం ఆగిపోతుంది, వేగంగా పెరిగే క్యాన్సర్ కణం నిలిచిపోతుంది. బొమ్మని వేలితో తిప్పుతూ ఆ మందు ఎంత బిగువుగా కూర్చుందో చూడండి. అది చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మీకు పని తప్పకుండా ఉంది. అయితే ముందు ఒక జీవశాస్త్ర ప్రశ్నని మీది చేసుకోండి. ఒక ఎంజైమ్, ఒక జబ్బు, ఒక పంట, ఏదైనా సరే. కోడ్ మీకు ఎటూ వచ్చు.

*

మా అమ్మ ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాటలో చేపలు కొని ఎంవీపీ కాలనీలో ఇంటింటికీ అమ్ముతుంది. మొన్న ఒక ఇంట్లో వంజరం ముక్కలు కోసి ఇస్తే, ఇది వంజరం కాదు, వేరే చేప అంటగట్టావని తిప్పి పంపారు. అమ్మ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ముక్కని బట్టి ఏ చేపో కంప్యూటర్ చెప్పగలదని మా లెక్చరర్ అన్నారు. నిజమేనా మేడమ్? నేను బీఎస్సీ జువాలజీ మొదటి సంవత్సరం.
ఒక విద్యార్థిని, పెదజాలరిపేట

నిజమేనమ్మా. ఎలా చెబుతుందో మొత్తం రాస్తాను, అమ్మకి కూడా చదివి వినిపించు.

ప్రతి కణంలో మైటోకాండ్రియా ఉంటాయి కదా, వాటికి సొంత డీఎన్‌ఏ ఉంది. అందులో సైటోక్రోమ్ ఆక్సిడేజ్ 1 అనే జన్యువు ఉంది. దాని మొదటి భాగంలో సుమారు 650 అక్షరాలు చదివితే చాలా జంతువుల్ని గుర్తుపట్టవచ్చని కెనడాలో పాల్ హెబర్ట్ బృందం 2003లో చూపించింది. దుకాణంలో సరుకు మీద గీతల బార్‌కోడ్ ఉంటుంది కదా, దీనికీ డీఎన్‌ఏ బార్‌కోడ్ అనే పేరు పెట్టారు. 2005లో ఆస్ట్రేలియా దగ్గర దొరికే 207 జాతుల చేపల మీద ఇదే చేసి చూశారు. ఒకే జాతి చేపల మధ్య తేడా సగటున 0.39 శాతం. అంటే 650లో రెండు మూడు అక్షరాలు. దగ్గరి చుట్టాలైన వేర్వేరు జాతుల మధ్య తేడా సగటున 10 శాతానికి దగ్గర, అంటే అరవైకి పైనే. మధ్యలో అంత ఎడం ఉంది కాబట్టే గుర్తుపట్టడం కుదురుతోంది.

బియ్యపు గింజంత మాంసం చాలు. వండిన ముక్క నుంచి కూడా చాలాసార్లు వస్తుంది. డీఎన్‌ఏ తీసి, ఆ భాగాన్ని పీసీఆర్‌తో కోట్లాది కాపీలు చేసి, సీక్వెన్సింగ్‌కి, అంటే అక్షరాలు చదివించడానికి, పంపుతారు. రంగు రంగుల శిఖరాలున్న గ్రాఫ్ ఫైల్ ఒకటి వస్తుంది. మొదట్లో, చివర్లో శిఖరాలు ఒకదాని మీద ఒకటి పడి మసకగా ఉంటాయి, అవి కోసేయాలి. మిగిలిన వరుసని బ్లాస్ట్‌లోనో, బార్‌కోడ్‌ల కోసమే పెట్టిన బోల్డ్ అనే డేటాబేస్‌లోనో వెతకాలి. అప్పుడు రెండు సంఖ్యలు కలిపి చూడు. 90 అక్షరాల ముక్క నూటికి నూరు శాతం కలిసిందంటే సంతోషపడకు. 640 అక్షరాలు 99.5 శాతం కలిసిందంటే అది బలమైన సాక్ష్యం. ఫలితాల్లో ఒకే వరుసకి రెండు జాతుల పేర్లు కనిపించినా ఆశ్చర్యపోకు. ఎవరో చేపని తప్పుగా గుర్తుపట్టి ఆ పేరుతోనే డేటాబేస్‌కి ఇచ్చి ఉండొచ్చు.

ఇప్పుడు అమ్మ గొడవ. ఒక్క ముక్క గొడవకి పెట్టే ఖర్చు కాదు ఇది, ఆ ఇంటివాళ్లూ పెట్టరు, మీరూ పెట్టలేరు. దానికన్నా తేలిక ఉపాయం చెబుతాను. వంజరాల్లోనే రకాలున్నాయి. ఒంటి మీద నిలువు గీతలున్నది స్కాంబెరోమోరస్ కామర్సన్, చుక్కలున్నది స్కాంబెరోమోరస్ గుట్టాటస్. రెండూ వంజరాలే, రుచిలో, ముక్క రంగులో కొంచెం తేడా ఉంటుంది. ఒకదానికి అలవాటు పడ్డవాళ్లు రెండోదాన్ని చూసి ఇది వంజరం కాదనుకోవచ్చు. ఇక నుంచి తోలు తియ్యకుండా ముక్కలు కోసి, తలతో సహా చూపించి ఇమ్మను. కొయ్యకముందు నువ్వు ఫోన్‌లో ఒక ఫొటో తీసి ఉంచు.

మీ అమ్మ మాట మీద నాకు నమ్మకం ఎందుకో కూడా చెప్పాలి. అమెరికాలో ఉన్న ఎన్‌సీబీఐ అనే జన్యు సమాచార డేటాబేస్‌లో రాస్ట్రెల్లిగర్ కనగుర్త అని కొట్టి చూడు. మన కానాగంత వస్తుంది. ఆ రెండో మాట లాటిన్ కాదు. 18వ శతాబ్దం చివర్లో ప్యాట్రిక్ రసెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు మన విశాఖలో ఉండేవాడు. ఇక్కడి తీరంలో దొరికే రెండు వందల చేపల బొమ్మలు వేయించి, వాటి పక్కన ఇక్కడివాళ్లు చెప్పిన పేర్లే రాసి, 1803లో లండన్‌లో అచ్చువేయించాడు. అందులో కనగుర్త ఉంది. ఫ్రాన్స్‌లో క్యువియే అనే జంతుశాస్త్రవేత్త ఆ పేరునే 1816లో శాస్త్రీయ నామంగా తీసుకున్నాడు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఉన్న పేరు కూడా ఈ రసెల్‌దే, కానీ ఆ పాముని ఆయన తన పుస్తకంలో కాటుక రేకుల పొడ అని తెలుగులోనే రాసుకున్నాడు. ఇవాళ జపాన్‌లోనో, బ్రెజిల్‌లోనో ఎవరైనా ఆ చేప డీఎన్‌ఏ వెతకాలంటే మన తీరంలో పుట్టిన ఆ మాటే టైపు చెయ్యాలి. రసెల్ పేరు పుస్తకం మీద ఉంది. ఆ చేప కనగుర్త అని ఆయనకి చెప్పిన మనిషి పేరు ఎక్కడా లేదు.

అందుకని నీకొక పని. తెల్లవారుజామున అమ్మతో హార్బర్‌కి వెళ్లినప్పుడు చేపని స్కేలు పక్కన పెట్టి ఫొటో తియ్యి. తేదీ, ఏ బోటు, ఏ లోతులో వల వేశారో సరంగుని అడిగి రాసుకో. పాడవుతున్న చేప దొరికితే రెక్క చివర చిన్న ముక్క కోసి, మూత గట్టిగా ఉన్న సీసాలో ల్యాబ్ ఇథనాల్‌లో వెయ్యి. ఇథనాల్ మీ డిపార్ట్‌మెంట్‌లో అడుగు, ఇస్తారు. లేబుల్ పెన్నుతో కాదు, పెన్సిల్‌తో రాయి, ఇథనాల్ తగిలితే ఇంకు పోతుంది. పాతిక సీసాలయ్యాక నాకు మళ్లీ ఉత్తరం రాయి, ఎక్కడ చదివించాలో కలిసి చూద్దాం. పట్టికలో శాస్త్రీయ నామం గడి ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు. దాని ముందు గడిలో అమ్మ ఆ చేపని ఏమని పిలిచిందో, యాసతో సహా అలాగే రాయి. ఆ పక్కన, సమాచారం ఇచ్చినవారు అన్న చోట, అమ్మ పూర్తి పేరు రాయి.